ఎదుట లేని సాక్షి

దుప్పటి మడతపెట్టడం ఇద్దరి పని. ఒక్కతే ఉన్నప్పుడు గడ్డం సాయం తీసుకోవాలి. రెండు కొసలు రెండు చేతుల్లో, నడిమి అంచు గడ్డం కింద. ఆసుపత్రి గుడ్డల గదిలో సంతకాలమ్మ అలా నిలబడి ఉండగా ఫైళ్ళమ్మాయి వచ్చింది. గడ్డం కింద దుప్పటి ఉంది కాబట్టి ఆమె పలకరింపుగా కళ్ళు మాత్రం ఎత్తింది. ఫైళ్ళమ్మాయి బల్లమీద ఆరు కాగితాల కట్టలు పెట్టి, ఎక్కడ సంతకం చెయ్యాలో అక్కడ పచ్చచీటీ అంటించి ఉందనీ, టీ వేళకల్లా తీసుకుపోతాననీ చెప్పి, వచ్చినంత వేగంగానే వెళ్ళిపోయింది.

మోకాళ్ళ నొప్పులకు కొత్తగా కనిపెట్టిన బిళ్ళ ఒకటి పనిచేస్తుందో లేదో ఆ ఆసుపత్రిలో మనుషులకిచ్చి చూస్తున్నారు. మూడో అంతస్తులో దానికో గది. పెద్ద డాక్టరు దానికి పెద్ద. ఫైళ్ళమ్మాయి దానికి చేతులూ కాళ్ళూ. బిళ్ళ వేసుకోవడానికి వచ్చినవాళ్ళు నాలుగు పేజీల కాగితం చివర సంతకం చెయ్యాలి. చదువు రానివాళ్ళు వేలిముద్ర వేస్తే, ఆ వేలిముద్ర పక్కన చదువొచ్చినవాళ్ళు ఇంకొకరు సంతకం చెయ్యాలి. ఆ ఇంకొకరు ఆసుపత్రి మనిషి కాకూడదట. గుడ్డల గదిలోవాళ్ళు కాంట్రాక్టరు మనుషులు. వాళ్ళలో సాయంత్రం బడికి పోయి అక్షరాలు నేర్చుకున్నది ఈమె ఒక్కతే. అలా ఆ పని ఈమెకు వచ్చింది, పనితోపాటు ఆ పేరూ వచ్చింది.

గేటు దగ్గర పుస్తకంలో తను పొద్దున్నే పెట్టే సంతకం తను పనికి వచ్చినట్టు గుర్తు. ఇదీ అలాంటిదే, ఆ వేలిముద్ర మనిషి ఆసుపత్రికి వచ్చినట్టు గుర్తు అని ఆమె అనుకుంది. ఎవరూ కాదనలేదు. ఎవరినీ అడగనూ లేదు.

దుప్పట్లు అయ్యాక చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని, తడి లేదని ఇంకోసారి చూసుకుని, కుర్చీ లాక్కుంది. నిలబడి సంతకం చెయ్యడం ఆమెకు చేతకాదు. కలం మరీ నొక్కి రాస్తుంది. కాగితం వెనక్కి తిప్పితే అక్షరాలు చేతికి తగులుతాయి. ఉతుకుడు మిషను దగ్గర పనిచేసే ఆమె తలుపు సందులోంచి చూసి, మంత్రిగారూ, తీరిక చూసుకుని నా సెలవు చీటీమీద కూడా ఒకటి గీకి పడేద్దురూ అంది. సంతకాలమ్మ తల ఎత్తకుండా, నీ సెలవుకి సంతకం కాదు సున్నా చుట్టాలి అంది. మిషనామె నవ్వుకుంటూ పోయింది.

మొదట్లో సంతకం పెట్టినప్పుడల్లా ఛాతీలో ఏదో ఒకటి కదిలేది. ఇప్పుడేమీ కదలడం లేదు. ఆరు పచ్చచీటీలు, ఆరు సంతకాలు. దుప్పటి మడత ఎంతో ఇదీ అంతే. ఈ ఆరింటితో నలభై ఒకటయ్యాయి. అందులో ఒకటి ఆమె ఆడబిడ్డది.

*

పనినుంచి వచ్చేసరికి వరండా తడిగా ఉంది. బక్కెట్టు బోర్లపడి ఉంది. ఆడబిడ్డ గోడకు వీపు ఆనించి కూర్చుని, ఒళ్ళో చొక్కా పెట్టుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. ఆమె ఓ బట్టల కొట్టుకు చొక్కాలకు గుండీలు కుట్టి ఇస్తుంది. సంతకాలమ్మకు భర్త అక్కగారు, పదేళ్ళు పెద్ద, ఆయన పోయిన దగ్గర్నుంచి ఒకే గదిలో ఉంటున్నారు. దారం కొస నోట్లో తడిపి, సూదికి ఎదురుగా పట్టి, పక్కనుంచి పోనిచ్చింది. మళ్ళీ తడిపింది. మళ్ళీ పక్కనుంచే పోయింది.

సంతకాలమ్మ బక్కెట్టు నిలబెట్టి, నేల గుడ్డతో ఒత్తి, సూది తీసుకుని దారం ఎక్కించి ఇచ్చింది. ఇస్తున్నప్పుడు ఆమె మోచేయి కనబడింది. కమిలి నల్లబడి ఉంది. పక్కన పెట్టిన చొక్కామీద నాలుగు గుండీలు నాలుగు దారులు పట్టి ఉన్నాయి.

"కళ్ళు తిరుగుతున్నాయా వదినా?"

"నాకేం తిరగట్లేదే. నేను ఉన్నచోటే ఉన్నాను. ఇల్లే తిరుగుతోంది."

ఎన్నాళ్ళుగా అని అడిగితే, గుండీ ఒకటి కుట్టి, దారం పళ్ళతో తెంపి, బిళ్ళలు మొదలెట్టిన రెండో వారంనుంచి అంది. అంటే ఏడెనిమిది వారాలు. లేచి నిలబడితే తిరుగుతోంది, వంగితే తిరుగుతోంది. చెవిలో ఎవరో కూర్చుని ఈల వేస్తున్నట్టుంటుంది. పగలల్లా ఒకటే ఈల, కనీసం పాట మార్చినా బాగుండేది అంది. మరి మోకాళ్ళో అంటే, మోకాళ్ళకి ఈ సంగతేదీ తెలిసినట్టు లేదు, వాటి ఏడుపు అవి ఏడుస్తున్నాయి అంది.

సంతకాలమ్మ పొయ్యిమీద నీళ్ళు పెట్టింది. అగ్గిపుల్ల ఆరిపోయాక కూడా దాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"మరి మానెయ్యకపోయావా?"

"ఎలా మానేస్తానే? నాది వేలిముద్ర. దానికి వెల ఏముంది. సంతకం పెట్టింది నువ్వు. నేను నడిమధ్యలో దిగిపోతే వాళ్ళెవర్ని పట్టుకుంటారు?"

ఆమె ఆ మాట మామూలుగానే అంది, కొట్లో చొక్కాల సంగతి చెప్పినట్టు. ఆ వీధిలో పుట్టినవాళ్ళకెవరికైనా అది మామూలు సంగతే. అక్కడ గది అద్దెకు కావాలన్నా, కొత్తగా పనిలో చేరాలన్నా పూచీగా ఎవరో ఒకరు సంతకం చెయ్యాలి. చేయించుకున్నవాడు మధ్యలో జారుకుంటే అది చేసినవాడి మెడకు చుట్టుకుంటుంది. పూచీ పడ్డ మనిషిని నడివీధిలో నిలబెట్టినవాడికి ఆ వీధిలో మంచినీళ్ళు పుట్టవు. ఎవరూ రాసి పెట్టుకున్న మాట కాదు అది. అందరికీ తెలిసిన మాట.

"నా ఒక్కదాని సంగతి కాదులే. గొడుగుల తాతకి తిన్నది నిలవట్లేదట. నీ ఉద్యోగానికి ముప్పొస్తుందని మింగుతున్నాడు. ఇస్త్రీ ఆవిడా అంతే. మేమంతా ఓ మాట అనేసుకున్నాం, ఆర్నెల్లు ఎంతలోకి గడిచిపోతాయి అని. నీకు చెప్పద్దనుకున్నాం."

నీళ్ళు మరిగాయి. సంతకాలమ్మ పొయ్యి కట్టేసింది. చేరిన రోజు మీకు ఏం చెప్పారు అని అడిగింది. ఏముంది, మోకాళ్ళకి మంచి మందు, ఆర్నెల్లు వాడాలి, నెలనెలా రక్తం ఇవ్వాలి, ఇక్కడ వేలు పెట్టమ్మా, అన్నారు. ఎవరన్నారు అంటే, ఫైళ్ళు చూసే పిల్లే. పెద్ద డాక్టరు ఉన్నాడా అంటే, ఆయన్ని గోడమీద ఫొటోలో చూశాను, బాగానే ఉంటాడు అంది.

*

మర్నాడు పచ్చచీటీల కట్టలు నాలుగు వచ్చాయి. సంతకాలమ్మ వాటిని బల్లమీద వదిలేసి దిండు గలీబుల పని చూసుకుంది. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత పెట్టాక, ఉతకాల్సిన దుప్పట్ల మూటమీద కూర్చుని, పై కట్ట తీసి మొదటి పేజీ మొదటి అక్షరం కింద వేలు పెట్టింది.

ఇంతవరకూ ఆమె చదివినవి బస్సుల మీది ఊళ్ళ పేర్లు, సబ్బు డబ్బాలు, సాయంత్రం బడి పుస్తకంలో చిన్న చిన్న పాఠాలు. ఇక్కడ అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఒత్తు కింద ఒత్తు వేలాడుతూ, ఒక్కో మాట వేలు పొడుగున ఉంది. కొన్ని మాటలు మొదటిసారి చదివితే ఏమీ కావు, రెండోసారికి సగమవుతాయి, మూడోసారి పైకి చదివితే అప్పుడు తెలిసిన మాటే అవుతుంది. చదివిన మాట మరిచిపోకుండా తర్వాతి మాటకు పోవడం మెట్లమీద రెండు బిందెలు మోసినట్టుంది. భోజనం వేళ ఇరవై నిమిషాలు. ఆ రోజు ఒక పేజీ అయింది. పైకి చదువుతుంటే మిషనామె వచ్చి, ఏమిటే గొణుగుతున్నావు, దుప్పట్లతో మాట్లాడే దాకా వచ్చిందా అంది. ఈమె వేలు తియ్యకుండా చెయ్యి అడ్డంగా ఊపింది.

టీ వేళ ఫైళ్ళమ్మాయి వస్తే, రేపు ఇస్తానంది. ఆ పిల్ల ఆశ్చర్యపోయింది కానీ నిలబడి అడిగే తీరిక లేక వెళ్ళిపోయింది.

రెండో రోజు మిగిలిన మూడు పేజీలు, పొద్దుటినుంచి పని మధ్య మధ్యలో చదివింది. భోజనం డబ్బా తెరవలేదు.

ఇది వైద్యం కాదనీ, ఒక మందు గురించి తెలుసుకోవడం కోసం చేస్తున్న పరిశోధన అనీ రాసి ఉంది. సగంమందికి మందు ఉన్న బిళ్ళ, సగంమందికి మందు లేని ఉత్తబిళ్ళ ఇస్తారనీ, ఎవరికి ఏదో డాక్టరుకు కూడా తెలియదనీ రాసి ఉంది. తల తిరగవచ్చు, వాంతులు కావచ్చు, చెవుల్లో మోత రావచ్చు, వస్తే వెంటనే చెప్పాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. మానుకున్నందువల్ల ఈ ఆసుపత్రిలో వాళ్ళకు జరిగే వైద్యానికి ఏ లోటూ రాదు.

ఆ వాక్యం ఆమె నాలుగుసార్లు చదివింది. అర్థం కాక కాదు.

చివరి పేజీలో మూడు గళ్ళు. ఒకటి వేలిముద్రకు. రెండోదాని మీద, పై సంగతులన్నీ వీరికి తెలిసిన మాటల్లో నేనే స్వయంగా చదివి వివరించాను అని ఉంది. అందులో పెద్ద డాక్టరు సంతకం, నీలి సిరా, తోక పొడుగు. మూడోది పచ్చచీటీ ఉన్న గడి. దాని మీద ఇలా ఉంది: పై సంగతులన్నీ నా ఎదుట చదివి వినిపించారు. వారడిగిన వాటికి నా ఎదుట జవాబు చెప్పారు. ఎవరి బలవంతమూ లేకుండా వారు నా ఎదుట ఒప్పుకున్నారు. సాక్షి.

ఎదుట, ఎదుట, ఎదుట. ఆమె పచ్చచీటీ పీకి, దాని కింద ఇంకేమైనా ఉందేమో చూసింది. ఏమీ లేదు.

ఏదో ఒకటి అనిపించాలని ఆమెకు తెలుసు. ఏమీ అనిపించలేదు. పంటికి సూదిమందు ఇచ్చాక పెదవి తడుముకుంటే అది ఎవరి పెదవో అన్నట్టు ఉంటుంది, అలా ఉంది. లేచి, మూటలో దుప్పట్లు మిషనుకు వేసి, ఆరినవి తెచ్చి మడతలు మొదలుపెట్టింది. కొసలు కలిపి, అంచు గడ్డం కింద పెట్టుకుని, అలాగే కొంతసేపు నిలబడిపోయింది.

టీ వేళ ఫైళ్ళమ్మాయితో, తను సంతకం చెయ్యననలేదు. మీరు వాళ్ళకు చదివి వినిపించేటప్పుడు పిలిస్తే వచ్చి కూర్చుంటాను, విన్నాక పెడతాను అంది. ఆ పిల్ల నవ్వబోయి, నవ్వు సగంలో ఆపి, దుప్పట్ల మూటమీద కూలబడింది. అంతవరకూ ఆ పిల్ల కూర్చోగా ఆమె చూడలేదు. కూర్చుంటే ఇంకా చిన్నగా ఉంది.

"పిన్నీ, అది పూర్తిగా చదివి చెప్పాలంటే మనిషికి ముప్పావుగంట. రోజుకి పదిమంది వస్తారు. డాక్టరుగారు వారానికోసారి వచ్చి ఓ దొంతర సంతకాలు చేసి పోతారు. మిగతాదంతా నేనే. నన్నేం చెయ్యమంటారు?"

ఆ పిల్ల గొంతు తగ్గించి, ఎల్లుండి బయటినుంచి తనిఖీకి వస్తున్నారు, మిమ్మల్ని పిలిచి అడగొచ్చు అంది. ఎదుట ఉన్నానని ఒక్క మాట చెప్పండి చాలు, లేనంటే నా పని పోతుంది, మీ పనీ ఉండదు. చివరి మాట బెదిరించినట్టు అనలేదు. వాన వస్తుంది, గొడుగు పట్టుకెళ్ళండి అన్నట్టు అంది. వెళ్ళేటప్పుడు ఆ నాలుగు కట్టలూ పట్టుకుపోయింది. సంతకాలమ్మ ఒకటి అడిగింది. వేలిముద్ర పడని ఖాళీ కాగితం ఒకటి ఇవ్వగలవా అని. ఆ పిల్ల కాసేపు చూసి, ఫైలులోంచి తీసి ఇచ్చింది.

*

ఆ సాయంత్రం ఆడబిడ్డకు ఎదురుగా కూర్చుని నాలుగు పేజీలూ చదివి వినిపించింది. మునుపే చదివింది కాబట్టి ఈసారి గంట పట్టింది. ఆడబిడ్డ వంకర గుండీలు ఊడదీస్తూ వింది. ఉత్తబిళ్ళ సంగతి దగ్గర చెయ్యి ఆపింది.

"ఉత్తబిళ్ళకే ఇల్లింత తిరిగితే అసలు బిళ్ళకి వీధంతా తిరిగేదేమో."

మానుకోవచ్చునన్న చోట మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివింది. అయినా ఆమె తల అడ్డంగా ఊపింది. అచ్చులో ఎన్నయినా ఉంటాయి, మెట్లమీద ఉమ్మరాదని కూడా అచ్చులోనే ఉంది అంది. వాళ్ళ నోట చెబితే నమ్ముతానంది. సరే, ఎల్లుండి నాతో రా, వాళ్ళ నోటనే విందువుగాని, అంది సంతకాలమ్మ. ఆ రాత్రికి బిళ్ళ వేసుకోవద్దంటే ఆడబిడ్డ సీసా వంక చూసి, చూసి, మూత బిగించి పక్కకు జరిపింది.

గొడుగుల తాత దగ్గరకు మర్నాడు పనికి వెళ్ళేటప్పుడు ఆగింది. వీధి మలుపులో నేలమీద కూర్చుని ఊచలు సరిచేస్తున్నాడు. మనిషి సగమయ్యాడు. కాగితమంతా చదివే వ్యవధి లేదు, మానుకోవచ్చునన్నదీ, తన గడి మీద రాసి ఉన్నదీ చదివి వినిపించింది. నేను నీ పూచీ పడలేదు తాతా, అది పూచీ సంతకమే కాదు అంది. తాత పళ్ళ మధ్య పట్టుకున్న తీగ తీసి కింద పెట్టాడు.

"నువ్వు నాకోసం పెట్టావనుకున్నాను తల్లీ. నేను నీకోసం మింగాను."

కోపంగా అనలేదు. తాత తీగ మళ్ళీ పళ్ళ మధ్య పెట్టుకుని గొడుగు తెరిచి చూశాడు, మూశాడు. ఆమె కాగితం మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుని ఆసుపత్రికి నడిచింది. గేటు దగ్గర పుస్తకంలో సంతకం పెట్టబోయి, పై గడిలో ఏం రాసి ఉందో చదివి, అప్పుడు పెట్టింది. కాపలా ఆయన, ఏమ్మా, ఈ పూట పరీక్షలేమైనా ఉన్నాయా అన్నాడు.

*

తనిఖీ రోజున ఆడబిడ్డను మూడో అంతస్తుకు లిఫ్టులో తీసుకువెళ్ళింది. బల్ల దగ్గర నర్సు ఒకామె ఉంది. ఆడబిడ్డ సంచిలోంచి బిళ్ళల సీసా తీసి బల్లమీద పెట్టి, ఇవి నాకొద్దమ్మా, మానేస్తాను అంది. అని, దెబ్బకు కాచుకున్నట్టు భుజాలు దగ్గరికి తీసుకుంది.

నర్సు సీసా మీది నెంబరు చూసి రాసుకుంది. సరేనమ్మా అంది. కారణం చెప్పాలా అని ఆడబిడ్డ అడిగింది. చెప్పాల్సిన పనిలేదు, చెబితే మాకు మంచిది అంది నర్సు. తల తిరగడం, ఈల, మోచేయి అన్నీ చెప్పింది. నర్సు తల ఎత్తి, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా అని, బీపీ చూసి, చెవుల డాక్టరుకు చీటీ రాసి ఇచ్చింది. కలం మూత పెట్టింది.

"అంతేనా?" అంది ఆడబిడ్డ.

"అంతేనమ్మా."

ఆమె వచ్చి వరండాలో బెంచీమీద కూర్చుంది. ఖాళీ సంచి ఒళ్ళో పెట్టుకుని, దాని చెవులు రెండూ ఒకదానిమీద ఒకటి పెట్టింది. తీసి మళ్ళీ పెట్టింది. రెండు నెలలు మింగానే, అంది. ఆమె నోట వేళాకోళం రాకపోవడం సంతకాలమ్మ అదే మొదటిసారి చూడటం.

పదకొండు గంటలకు పిలుపు వచ్చింది. ఫైళ్ళ గదిలో తనిఖీకి వచ్చినావిడ కళ్ళజోడు నుదుటిమీదికి ఎత్తుకుని కూర్చుని ఉంది. ఎదురుగా దొంతర. పక్కన ఆసుపత్రి ఆఫీసు చూసే ఆయన. గోడ దగ్గర ఫైళ్ళమ్మాయి. తనిఖీ ఆవిడ ముందు సంతకాలమ్మను కూర్చోమంది. కూర్చున్నాక, ఈ నలభై ఒక్క సంతకాలూ మీవేనా అని అడిగింది. నావే. వీళ్ళకు ఈ కాగితం చదివి చెప్పేటప్పుడు మీరు పక్కన ఉన్నారా?

ఆమె ఫైళ్ళమ్మాయి వైపు చూడలేదు. చూస్తే మాట మారుతుందని కాదు. చూస్తే ఆ పిల్ల చూపు దించుకోవాల్సి వస్తుందని.

"ఒక్కరి దగ్గరా లేనమ్మా."

"మరి ఎక్కడున్నారు?"

"గుడ్డల గదిలో."

తనిఖీ ఆవిడ కళ్ళజోడు కిందికి దించుకుంది. ఫైలు మూసి, వేలిముద్రలు వేసిన వాళ్ళందర్నీ మళ్ళీ పిలిచి మొదటినుంచి చదివి చెప్పాలనీ, ఉండేవాళ్ళు ఉంటారు పోయేవాళ్ళు పోతారనీ, అంతవరకూ ఒక్క బిళ్ళ కూడా ఇవ్వకూడదనీ ఆఫీసాయనతో చెప్పింది. ఈమెను ఓ మాట రాసి ఇమ్మనండి అని, పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది.

ఆఫీసాయన మర్యాదస్థుడు. ఆమె మాటలు ఆయనే రాశాడు. చకచకా రాసి, కాగితం ఆమెవైపు తిప్పి, కలం మూత తీసి మరీ ఇచ్చాడు. ఇక్కడ పెట్టెయ్యమ్మా, సోమవారం మామూలుగా నీ పనికి నువ్వొచ్చెయ్, నిన్నెవరూ ఒక్క మాట అనకుండా నేను చూస్తాను అన్నాడు.

ఆమె కలం బల్లమీద పెట్టి, మొదటి మాట కింద వేలు పెట్టింది. ఆయన గడియారం చూసుకున్నాడు. ఏడు వరుసలే ఉన్నాయి కానీ చేతిరాత, అందులోనూ చకచకా రాసింది. అచ్చుకన్నా కష్టంగా ఉంది. నేను చదువు రానిదాన్ని. ఆ కాగితాల్లో ఏముందో నాకు తెలియదు. ఫైళ్ళు చూసే అమ్మాయి ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టాను. ఇందులో నా తప్పు ఏమీ లేదు.

"మొదటి మాట తప్పండీ," అంది.

"ఏది?"

"చదువు రాదని. వచ్చు."

ఆయన ముందుకు వంగి, గొంతు తగ్గించి, నీ మంచికే రాశాను అన్నాడు. చదువొచ్చని రాస్తే తప్పు నీ మీదికి వస్తుంది. ఆలోచించుకో.

"వస్తుందండీ. చదవడం వచ్చు. చదవలేదు. అలా రాయండి."

ఆయన రాయలేదు. ఆమె వేలు ఇంకా కాగితం మీదే ఉంది. ఈ పిల్ల పెట్టమన్నచోట పెట్టాను, అది నిజమే, ఉండనివ్వండి అంది. కానీ నా గడి పైన ఇంకో గడి ఉంది, నేనే స్వయంగా చదివి చెప్పానని పెద్ద డాక్టరుగారు నలభై ఒక్కచోట్లా సంతకం చేశారు. ఆ సంగతి ఇందులో లేదు. ఆఫీసాయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన అక్కడ లేరని నువ్వు చూశావా అని అడిగాడు. మర్యాద తగ్గలేదు, చల్లబడింది.

ఆమె ఆలోచించింది.

"నేనే అక్కడ లేనండీ. ఆయన ఉన్నారో లేరో నేనెలా చెబుతాను. మా వదిన ఉంది. బయట బెంచీమీద కూర్చుంది, ఆమె చెబుతుంది."

ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. పిలవమనలేదు, వద్దనలేదు. సంతకాలమ్మ బల్లమీది తెల్లకాగితాల కట్టలోంచి ఒకటి తీసుకుని, కుర్చీ ముందుకు జరుపుకుంది. ఇంతవరకూ తన పేరు తప్ప కాగితం మీద సొంతంగా ఏదీ రాసి ఎరగదు. మొదటి వాక్యానికే వేలి కణుపు నొప్పి పుట్టింది. నాకు చదవడం వచ్చు. నేను చదవలేదు. నేను ఎవరి ఎదుటా లేను. మూడు వాక్యాలు. వాటి కింద సంతకం చేసి, లేచి, తలుపు తీసి ఆడబిడ్డను పిలిచింది.

ఆడబిడ్డ గోడ పట్టుకుంటూ వచ్చి కూర్చుంది. చేరిన రోజు ఏం జరిగిందో చెప్పమంటే చెప్పింది. సంతకాలమ్మ రాసింది. డాక్టరు లేడు. చదివి చెప్పలేదు. వేలు పెట్టమన్నారు, పెట్టాను. అంతా రాశాక ఆడబిడ్డ వంగి ఆ కాగితం వంక చూసి, రెండు నిమిషాలు కూడా పట్టలేదని రాశావా అంది. రాయలేదు. అయితే రాయి. రాసింది. బల్లమీది వేలిముద్రల సిరా పెట్టె దగ్గరికి జరిపింది. ఆడబిడ్డ బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద పెట్టబోయి, ఆగింది.

"నాది వేలిముద్ర. పక్కన ఇంకొకరు ఉండాలిగా. నువ్వు పనికిరావు, రాసిందానివి."

ఆఫీసాయన బల్లమీది కలానికి మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. ఆడబిడ్డ నల్లబడిన వేలు గాలిలో అలాగే పట్టుకుని కూర్చుంది.

గోడ దగ్గరనుంచి ఫైళ్ళమ్మాయి వచ్చింది. ఇంకో కుర్చీ లాక్కుని, ఆడబిడ్డ పక్కన, కాగితం కనిపించేటట్టు కూర్చుంది. పొద్దుటినుంచి ఆ పిల్ల నోరు విప్పడం అదే మొదలు.

"మొదటినుంచి చదవండి పిన్నీ. నేను సరిగా వినలేదు."

సంతకాలమ్మ తను రాసిన మొదటి మాట కింద వేలు పెట్టింది.